నలగని నిమ్మకాయ

విజయదశమి

బళ్ళ సంఘం వాళ్ళ నియమం ఒకటుంది. బండి తోలినా తోలకపోయినా ప్రతివాళ్ళూ రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టాలి. ఇన్నాళ్ళూ నాది అద్దె బండి గనక "మట్టి తోలాను, బట్టీలో పోశాను, ఇంటికొచ్చాను" అని రాసి చేతులు దులుపుకునేదాన్ని. చదివేవాళ్ళెవరో గాని వాళ్ళ ఓపికకి ఒక దండం. ఈ రోజు మాత్రం నాలుగు ముక్కలు చాలవు. నాకు సొంత బండి వచ్చింది.

త్రిశంకు కంపెనీ బండి. ఆరు చక్రాలు, ఉక్కు తీగతో బుట్టలా అల్లినవి. వెనక పెద్ద తొట్టి. అప్పు కూడా ఆ కంపెనీయే ఇచ్చింది, నెలనెలా వాయిదా కట్టాలి. చంద్రుడి మట్టిని బట్టీలో కాలిస్తే అందులోంచి ప్రాణవాయువు వస్తుంది. మా పాలవెల్లి గుమ్మటం కింద అందరూ పీల్చేది అదే. అందుకని మట్టి తోలేవాళ్ళకి ఇక్కడ మర్యాద ఎక్కువ, జీతం తక్కువ.

బండి అప్పజెప్పడానికి కంపెనీ తరపున ప్రణీత్ అనే కుర్ర ఉద్యోగి వచ్చాడు. దసరా కానుక అంటూ ఒక పొట్లం కూడా తెచ్చాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ఆరు నిమ్మకాయలు. మా ఆయన తాతాజీ స్నానం చేసి పూజ చేశారు. కొబ్బరికాయ కొట్టి, ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టారు. వీధంతా చుట్టూ చేరింది. నేను ఎక్కి బండి కదిపాను.

బండి నిమ్మకాయల మీదుగా వెళ్ళింది. నిమ్మకాయలు అలాగే ఉన్నాయి!

ఇక్కడ దేనికైనా భూమ్మీది బరువులో ఆరో వంతే. ఖాళీ బండి, అందులోనూ మెత్తటి తీగ చక్రాలు. ఒక్క కాయ కూడా చిట్లలేదు. ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నిమ్మకాయ నలక్కపోతే దిష్టి పోయినట్టా, పోనట్టా? నాకూ మనసు చివుక్కుమంది.

"ఏం ఫర్లేదండీ, బరువు చాల్లేదంతే. అందరూ తొట్టిలోకి ఎక్కేయండి," అన్నాడు ప్రణీత్. అనడమే కాదు, ముందు తనే ఎక్కి నిలబడ్డాడు. ఇంకేముంది, పిల్లాపెద్దా అంతా ఎక్కారు. మళ్ళీ కదిపాను. ఈసారి టపటపా చిట్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు కుడి చక్రం కిందది మాత్రం చిట్లకుండా తీగల మధ్య ఇరుక్కుంది. మా ఆయన తీయబోతే, "వదిలేయండి బాబాయ్, అదే రాలిపోద్ది," అన్నాడు ప్రణీత్.

అంతమందిలోనూ నేను చూసింది మా ఆయన్నే. నిలబడి చప్పట్లు కొడుతున్నారు. కింద భూమ్మీద ఉన్నప్పుడు లారీ ప్రమాదంలో ఆయన నడుం దెబ్బతింది. ఆ కాళ్ళు ఇక ఆయన బరువు మోయలేవని డాక్టర్లు చెప్పేశారు. ఏళ్ళ తరబడి మంచం మీదే గడిపారు. ఇక్కడ మోస్తున్నాయి. తోటలో మొక్కలకి నీళ్ళు పెట్టే పని చేస్తున్నారు, నాకంటే ముందు లేచి తిరుగుతున్నారు. ఇంత మట్టి తోలుతున్నది దానికోసమే.


ఏకాదశి

రెండో ఖేపుకే బండి ఆగిపోయింది.

వెనక ఎడమ చక్రం బిగుసుకుపోయింది. ముందుకీ వెళ్ళదు, వెనక్కీ రాదు. ఎర్రటి ఎండలో, గాలి సంచి వీపున వేసుకుని, కొత్త బండి పక్కన దిక్కులు చూస్తూ నిలబడ్డాను. అటుగా వస్తున్న కరుణమ్మ వదిన తన బండికి తాడు కట్టి మా గుమ్మటం దాకా లాక్కొచ్చింది. ఆవిడ కూడా మట్టే తోలుతుంది. మాటకి ముందు నవ్వు.

కబురు పెడితే ప్రణీత్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. ముందు చక్రంలో ఎండి ముడుచుకుపోయిన నిమ్మకాయ చూశాడు, ఫొటో తీశాడు, వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యేసరికి కంపెనీ నుంచి కబురు. చక్రంలో అనధికార పదార్థం పెట్టారు. తొట్టిలో మనుషుల్ని ఎక్కించారు. కాబట్టి వారంటీ రద్దు. షరతులు మీరారు కాబట్టి అప్పు మొత్తం ఒక్కసారే కట్టాలి. కట్టేదాకా బండికి తాళం. ఆ తాళం వేయడానికి ఎవరూ రానక్కర్లేదు, వాళ్ళ ఆఫీసులో కూర్చునే వేసేశారు. బండి అద్దం మీద "నడపరాదు" అని ఎర్రగా వచ్చింది.

ఇక్కడ పొద్దంటే రెండు వారాల పొద్దు. అది గుంకే నాటికి నడిచే బండి లేనివాళ్ళ పేరు బట్టీవాళ్ళు కొట్టేస్తారు. పేరు పోయిన కుటుంబాన్ని తర్వాతి ఓడలో కిందికి పంపేస్తారు. కిందికి వెళ్తే మా ఆయన మళ్ళీ మంచం మీదికే.

భయం కోపమై ఆయన మీదికే పోయింది. "మీరూ మీ నిమ్మకాయలూ!" అని అరిచాను.

"నావేంటే? కంపెనీ వాళ్ళు ఇచ్చిన పొట్లంలోవే కదా," అన్నారు మెల్లగా. నేను వినిపించుకునే స్థితిలో లేను.


త్రయోదశి

త్రిశంకు ఆఫీసుకి వెళ్ళాను. చల్లటి గది, చల్లటి మాటలు. ప్రణీత్ నా మొహం చూడకుండా ఒక కాగితం ముందు పెట్టాడు. తప్పు నాదేనని ఒప్పుకుంటే కంపెనీ దయతలచి తాళం తీస్తుంది. చక్రం బాగుచేయించుకోవడానికి కొత్త అప్పు ఇస్తుంది. పాత అప్పు, కొత్త అప్పు కలిపి కొత్త వాయిదాలు.

"సంతకం పెట్టేయండక్కా, గంటలో తాళం తీసేస్తారు. లేకపోతే మీకే కష్టం," అన్నాడు.

పెట్టేద్దామనే అనుకున్నాను. నిజం చెప్తున్నాను, కలం చేతిలోకి తీసుకున్నాను కూడా. నాకు కావలసింది బండి నడవడం, అంతే. తప్పెవరిదైతే నాకెందుకు? తోడొచ్చిన కరుణమ్మ వదిన ఆ కలం లాగేసుకుంది.

"ఆగు వదినా. కాగితం ఎక్కడికీ పారిపోదు. ముందు జమీలా మేడంగారికి చూపిద్దాం."

జమీలా మేడం లాయరు. కింద వినియోగదారుల కోర్టులో చాలా ఏళ్ళు వాదించి, పిల్లల దగ్గర ఉందామని పైకి వచ్చారు. మధ్యాహ్నం పూట క్యాంటీన్‌లో ఓ మూల బల్ల దగ్గర కూర్చుని, అడిగినవాళ్ళకి ఊరికే సలహా చెప్తారు. మరమరాలు నములుతూ వింటారు. నేను ఏడుపు మొదలుపెట్టగానే చెయ్యి ఎత్తి ఆపారు.

"ఏడుపు తర్వాత, అమ్మా. బండి ఎప్పుడిచ్చారు, ఎప్పుడు ఆగింది, వాళ్ళేమన్నారు, నువ్వేం సంతకం పెట్టావు? వరసగా చెప్పు."

చెప్పాను. కాగితం ఒకసారి చదివి నా వైపు తోశారు.

"ఇది రాజీ కాదు. తప్పు నీదని నీ చేత్తో నువ్వే రాసిచ్చేది. ఇది పెట్టాక నేను కాదు, ఎవరొచ్చినా ఏమీ చేయలేరు."

"కానండీ, నిమ్మకాయ ఇరుక్కున్న మాట నిజమే కదండీ. షరతుల్లోనూ ఉందంట. అన్నిటికీ ఒప్పుకునే వేలిముద్ర వేసేను."

"షరతుల్లో రాసుకున్నదల్లా చట్టం అయిపోదు. నోటీసు ఇవ్వకుండా, నీ మాట వినకుండా తాళం వేయకూడదు. ఇంకో సంగతి బాగా విను. పాడుచేసింది నువ్వేనని వాళ్ళు రుజువు చేయాలి. నువ్వు కాదని నువ్వు రుజువు చేయక్కర్లేదు."

ఆ మాట విన్నాక రెండు రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాను. మొన్నటి నుంచి నేనేదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు తిరుగుతున్నాను మరి.

ఇంకా కొన్ని చెప్పారు. ఈ నెల వాయిదా ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా కట్టేయాలి, ఎగ్గొడితే వాళ్ళకి అసలైన సాకు దొరుకుతుంది. తాళం ఎందుకు వేశారో రాతపూర్వకంగా అడగాలి. న్యాయపీఠంలో ఫిర్యాదు వేయాలి, అది ఆవిడ రాసిపెడతారు. అన్నిటికంటే ముఖ్యం, బండిని మా వాకిట్లోంచి కదలనివ్వకూడదు.

"పరీక్ష కోసం తీసుకెళ్తాం అంటారు చూడు. ఇవ్వకు. వాళ్ళ షెడ్డులోకి వెళ్ళిన చక్రం ఏ రూపంలో తిరిగొస్తుందో ఎవరికి తెలుసు?"


పౌర్ణమి

కింద ఉన్నప్పుడు పౌర్ణమంటే చంద్రుణ్ణి చూసేవాళ్ళం. ఇక్కడ పౌర్ణమంటే నడినెత్తిన ఎండ, పైగా ఆ రోజు భూమి మచ్చుకైనా కనపడదు. బయటికెవరూ పోరు. అందరూ ఇళ్ళలో ఉంటారని, వీధి ఖాళీగా ఉంటుందని తెలిసే కాబోలు, త్రిశంకు వాళ్ళు ఈ రోజే వచ్చారు. ఇద్దరు మనుషులు, బండిని ఎత్తుకుపోయే యంత్రం ఒకటి.

నేను వాయిదా కట్టడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాకిట్లో జనం. బండికీ ఆ యంత్రానికీ మధ్య మా ఆయన. కుర్చీ వేసుకోలేదు, గోడకి ఆనుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"పరీక్ష కోసమేనండీ, రేపు తెచ్చేస్తాం," అంటున్నాడు వచ్చినవాడు.

"పరీక్షేదో ఇక్కడే చేసుకోండి బాబూ. అందరి ముందూ. కుర్చీలు వేయిస్తాను, మజ్జిగిస్తాను. బండి మాత్రం కదలదు."

"మీరు పక్కకి తప్పుకోండి."

"తప్పుకోనండి. మేడంగారు కదపొద్దన్నారు. మీ యంత్రం నా మీదుగా ఎక్కించుకుపోండి."

మా ఆయన పాతికేళ్ళుగా తెలుసు నాకు. హోటల్లో చల్లారిన ఇడ్లీ పెట్టినా మార్చమని అడిగే రకం కాదు. ఆ మనిషి అలా నిలబడితే వచ్చినవాళ్ళకి ఏం చేయాలో తోచలేదు. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. త్రిశంకు వాళ్ళు కాసేపు ఎవరితోనో మాట్లాడి, యంత్రం తిప్పుకుని వెళ్ళిపోయారు.

లోపలికొచ్చాక ఆయన కాళ్ళు వణుకుతున్నాయి. కూర్చోబెట్టి కాళ్ళు పట్టాను. నిమ్మకాయల గురించి అరిచినందుకు సిగ్గేసింది. నాకు ఈ మనిషంటే ఎంత ఇష్టమో ఈ లెక్కా పత్రాల గొడవలో మర్చిపోయాను.

"మజ్జిగ ఎక్కడిదండీ మనింట్లో?" అన్నాను.

"ఏదో మాటవరసకి అన్నానే," అన్నారు.


బహుళ తదియ

ఎండ పడమటికి వాలింది. పనికి వెళ్ళే బళ్ళన్నీ మా వాకిలి ముందునుంచే వెళ్తాయి. చూస్తూ కూర్చోవడమంత నరకం ఇంకోటి లేదు. అక్కడికీ ఉండబట్టలేక నా బండికి దుమ్ము దులిపాను. అద్దం మీద "నడపరాదు" అనే అక్షరాలు దులపడానికి మాత్రం కుదర్లేదు.

జమీలా మేడం ఇంటికే వచ్చారు. చక్రాలు చూశారు. కరుణమ్మ వదిన అక్కడే ఉంది, తన బండి గురించి మాటల్లో చెప్పింది. కిందటి పొద్దులో తన బండి కూడా ఇలాగే ఆగిందట.

"ఏ చక్రం?" అన్నారు మేడం, నములుతున్న మరమరాలు ఆపి.

"వెనక ఎడమదండి. కుదుపుల్లో వేగంగా తోలేవు, తప్పు నీదే అన్నారు. నిజమే కాబోలనుకుని కొత్త అప్పు రాయించుకున్నాను."

"మీది కూడా త్రిశంకు బండేనా? చక్రం కింద నిమ్మకాయలు పెట్టారా?"

"మాకు నిమ్మకాయలేంటండీ! పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేరు, కేకు కోసేం."

మేడం నవ్వారు. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు. "ఎల్లుండి కాక ఆవలెల్లుండి విచారణ. నువ్వు నాతో రావాలి కరుణమ్మా," అన్నారు.

కరుణమ్మ వదిన మొహంలో రంగులు మారాయి. ఇన్నాళ్ళూ తన తోలుడే తప్పనుకుని ఆ బండిని బుజ్జగించుకుంటూ తోలుతోంది పాపం.


బహుళ షష్ఠి

ఈ రోజు విచారణ జరిగింది.

న్యాయపీఠం అంటే ఏదో అనుకున్నాను. బడి గదిలో నాలుగు బల్లలు, ఎత్తు కుర్చీలో ఒక పెద్దావిడ. కంపెనీ లాయరు కింద భూమ్మీద ఉన్నాడు, తెర మీద కనిపించాడు. మాట అక్కడికి చేరి జవాబు పైకి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆయన "అభ్యంతరం" అనేసరికి ఇక్కడ ఆ ప్రశ్నా జవాబూ రెండూ అయిపోయేవి. పెద్దావిడ విసుక్కోకుండా ప్రతిసారీ, "కాస్త ముందు చెప్పండి," అన్నారు.

ఆయన వాదన గట్టిగానే ఉంది. నిమ్మరసంలో ఆమ్లం ఉంటుంది, ఆమ్లం తగిలి చక్రం సీలు పాడైంది, లోపలికి దుమ్ము పోయింది. మట్టి తొట్టిలో మనుషుల్ని ఎక్కించడం మరీ ఘోరం. వింటుంటే నాకే నా మీద అనుమానం వచ్చింది.

జమీలా మేడం లేచారు. "నిమ్మకాయ ఇరుక్కున్నది ముందు కుడి చక్రంలో. ఆగిపోయింది వెనక ఎడమ చక్రం. రసం అంత దూరం ఎలా నడిచి వెళ్ళిందో లాయరుగారు సెలవివ్వాలి."

ఆ ప్రశ్న భూమికి చేరేదాకా తెర మీద ఆయన చిరునవ్వుతోనే ఉన్నాడు. చేరగానే ఆ నవ్వు పోయింది. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు.

తర్వాత కరుణమ్మ వదిన చెప్పింది. అదే కంపెనీ, అదే చక్రం, ప్రార్థన, కేకు. "కేకు కూడా ఆమ్లమేనాండీ?" అని తనే ఎదురడిగింది.

లాయరు తొట్టి సంగతి పట్టుకున్నాడు. మనుషులెక్కిన మాట నిజమా కాదా? పెద్దావిడ నా వైపు చూశారు. నిజమేనన్నాను.

"ఎక్కమన్నది ఎవరు?"

కంపెనీ మనుషుల వరసలో తల వంచుకుని కూర్చున్న ప్రణీత్ వైపు చూశాను. నేను పేరు చెప్తే వాడు కాదనొచ్చు. వీధివాళ్ళు సాక్ష్యం చెప్పినా, వాళ్ళూ తొట్టిలో ఎక్కినవాళ్ళే కదా అంటారు. తెర మీద లాయరు, "సంబంధం లేని ప్రశ్న," అనడం మొదలుపెట్టాడు.

ప్రణీత్ లేచి నిలబడ్డాడు.

"నేనేనండి. ఎక్కమన్నది నేనే. ముందు ఎక్కింది కూడా నేనే. నిమ్మకాయలు కూడా మా కంపెనీ ఇచ్చినవేనండి, దసరాకి ప్రతి బండితోనూ ఇచ్చేం. వెనక చక్రం సీళ్ళు చాలా వాటికి పోతున్నాయండి. ఏదో ఒకటి కొన్నవాళ్ళ మీద రాయమన్నారు. రాసేను."

లాయరు ఏదో అన్నాడు గాని అది పైకి వచ్చేసరికి పెద్దావిడ రాసుకోవడం మొదలుపెట్టేశారు.

ఉత్తర్వు అక్కడే చదివారు. పూజకి నిమ్మకాయలిచ్చి, ఆ పూజే తప్పనడం చెల్లదు. తాళం వెంటనే తీయాలి. చక్రం ఊరికే మార్చాలి. అప్పు మొత్తం ఒక్కసారే అడగకూడదు, మామూలు వాయిదాలే. తాళం పడిన రోజుల కూలి కంపెనీ ఇవ్వాలి. కరుణమ్మ మీద రుద్దిన కొత్త అప్పు రద్దు. ఆ రకం చక్రాలున్న బళ్ళన్నిటికీ సీళ్ళు మార్చాలి.

నేను ఏడ్చాను. ఈసారి మేడం చెయ్యి ఎత్తలేదు. కరుణమ్మ వదిన నన్ను పట్టుకుని తనూ ఏడ్చింది. "నా తోలుడు బాగానే ఉందే వదినా, బాగానే ఉంది," అని అదే మాట.

బయట ప్రణీత్ ఒక్కడే గోడ పక్కన నిలబడి ఉన్నాడు. వాడి మీద నాకింకా కోపం ఉంది, లేదనను. అయినా దగ్గరికి వెళ్ళాను. "ఇప్పుడు ఉద్యోగం ఏమవుద్దో తెలీదక్కా," అన్నాడు.

వెనకనుంచి జమీలా మేడం, "రేపు మధ్యాహ్నం క్యాంటీన్‌కి రా. నిజం చెప్పినందుకు తీసేస్తే దానికీ చట్టం ఉంది," అన్నారు. చెప్పి, తెచ్చిన మరమరాల్లో ఇంత వాడి చేతిలో పోశారు.


బహుళ అష్టమి

నిన్న కంపెనీ వాళ్ళే వచ్చి చక్రం మార్చారు. మజ్జిగ మాత్రం అడగలేదు. అద్దం మీద ఎర్ర అక్షరాలు పోయాయి. ఈ రోజు పొద్దు గుంకే రోజు. బట్టీ గుమాస్తా వచ్చి, బండి నడుపుతుంటే చూసి, నా పేరు ఎదురుగా టిక్కు పెట్టుకుని వెళ్ళాడు. అంతే. ఇన్ని రోజుల ప్రాణసంకటం ఒక్క టిక్కుతో తీరిపోయింది.

చీకటి పడేలోగా ఒక్క ఖేపు తోలి వస్తానని బయల్దేరాను. అవసరం లేదు. ఊరికే, తోలాలనిపించింది. కొండ నీడలు పొడుగ్గా సాగుతున్నాయి. వెనక చక్రం చప్పుడు కాళ్ళకి తెలుస్తుంది కదా, దారి పొడుగునా దాన్నే వింటూ వెళ్ళాను. తిరుగుతోంది. తొట్టి నిండా మట్టి నింపి, బట్టీలో పోసి, గొంతెత్తి పాడుకుంటూ వచ్చాను. బయట గాలి లేదు గనక నా పాట ఎవరికీ వినపడదు. అదొక అదృష్టం, వాళ్ళకి.

గుమ్మటం తలుపు దగ్గర మా ఆయన నాకోసం అన్నం డబ్బా పట్టుకుని ఉన్నారు. ఎంతసేపట్నించి ఉన్నారో. దగ్గరికి వెళ్తే కళ్ళు మూసుకుని ఉన్నాయి. గోడకి వీపు ఆనించి, రెండు కాళ్ళ మీదా నిలబడి నిద్రపోతున్నారు. డబ్బా చేతిలోంచి జారలేదు.

కాసేపు లేపలేదు. తర్వాత నాకు ఆకలేసింది, లేపాను.